తల్లిని దేవత అన్నది చాలు, తల్లికి పూట ఇవ్వండి

మొన్న మిరప కోతల్లో మా మండలంలో ఒక బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, గేటుకు మామిడాకులు కట్టారు. వేదిక వెనక గోడ మీద 'మాతృదేవోభవ' అని రంగుతో రాసుంది. ఊరి పెద్ద ఒకాయన లేచి అరగంట మాట్లాడాడు. తల్లే తొలి గురువన్నాడు. తల్లి ఒడే తొలి బడి అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత వెనకాల కింద కూర్చున్న వాడ ఆడాళ్ల వైపు తిరిగాడు. "మీ పిల్లలకి తల దువ్వరు, గోళ్లు తీయరు, పుస్తకం తెరిచి చూడరు. కని వదిలేస్తే సరిపోద్దా? తల్లికి శ్రద్ధ లేకపోతే గవర్నమెంటు ఎన్ని ఇచ్చి ఏం లాభం?" అన్నాడు. వేదిక మీదోళ్లు తలలూపారు.

వెనక వరసలో ఒక ముసలమ్మ లేచింది. ఆమెకు మైకు ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకపోయినా అందరికీ వినపడింది. "అయ్యా, నా కోడలు ఇయ్యాల మీ మిరప తోటలోనే ఉందయ్యా. మీటింగుకు పోతానంటే కూలి పోద్ది అన్నాడంట మీ మేస్త్రి. నా మనవరాలికి తల దువ్వే టయానికి అది మీ చేలో కాయ కోస్తంది. ఆ టయం మీకాడే ఉంది. మమ్మల్ని అడుగుతారేంది?"

జవాబు లేదు. మైకాయన గొంతు సవరించుకుని తర్వాతి వక్తను పిలిచాడు. టీలు తాగి అందరూ వెళ్లిపోయారు. ఆ ముసలమ్మ అడిగిన మాట మాత్రం మాతోపాటు ఇంటికొచ్చింది. ఈ పక్షం మేం రాస్తున్నది ఆ మాట గురించే.

మేమంటే ఎవరం? వాడలో పుట్టినోళ్లం. కూలి తల్లుల కడుపున పుట్టి, ఇంటి మొత్తానికి మొదటగా డిగ్రీ కాగితం కళ్లజూసినోళ్లం. ఇప్పుడు బళ్లో చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డోళ్లం, మేమూ పిల్లల్ని కన్నోళ్లం. స్టాఫ్‌రూములో తోటి పంతుళ్లు "ఆ వాడ పిల్లలంతే, ఇంటికాడ పట్టించుకునేవాళ్లు లేరు" అంటుంటే ఇన్నేళ్లూ విన్నాం. ఒక్కోసారి తిరిగి అడిగాం, ఒక్కోసారి మింగేశాం. ఇక మింగదలుచుకోలేదు.

పలక మీద మొదటి అక్షరం 'అ'. అ అంటే అమ్మ. గోడ మీద చార్టులో ఒక బొమ్మ ఉంటది. తెల్లటి అమ్మ, ఇస్త్రీ చీర, తలలో మల్లెపూలు, ఒళ్లో బొద్దు బిడ్డ. ఆ బొమ్మ చూపించి ఒకటో తరగతి పిల్లల్ని "మీ అమ్మ బొమ్మ గీయండి" అన్నాం. ఒక పిల్ల ఆటో గీసింది. మూడు చక్రాలు, పైన గీతలు. "అమ్మ ఏదే?" అంటే "లోపల ఉంది టీచర్, అంతమంది ఉన్నారు కదా, కనపడదు" అంది. ఆ పిల్లది తప్పు బొమ్మా? కాదు. ఆ పిల్ల చూసిందే గీసింది. తెల్లారగట్ల చీకట్లో కూలోళ్ల ఆటో ఎక్కి పోయే అమ్మనే రోజూ చూస్తది మరి. మా వాడల్లో అ అంటే ఆటో ఎక్కిన అమ్మ.

మేం లెక్కల పంతుళ్లం కూడా. అందుకని ఆ అమ్మ రోజుని లెక్క కడతాం. నాలుగింటికి లేస్తది. కుళాయి కాడ నీళ్లు పట్టుద్ది, పొయ్యి రాజేస్తది, మొగుడికీ తనకీ క్యారేజీలు కడద్ది. ఆరింటికి ఆటో వస్తది. అప్పటికి చంటిబిడ్డ నిద్ర లేవదు. సాయంత్రం ఆరింటికి ఆటో దిగుద్ది. మళ్లీ నీళ్లు, పొయ్యి, అంట్లు. ఎనిమిదింటికి బిడ్డ నిద్రపోద్ది. అంటే బిడ్డ మెలకువగా ఉండగా తల్లి ఇంట్లో ఉండేది రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆమె చేతులు ఖాళీ లేవు. మరి పుస్తకం ఏ గంటకు తెరిచి చూడమంటారో ఆ మైకాయనే చెప్పాలి.

ఇక ఆ చేతుల సంగతి. మిరగాయ కోసిన చెయ్యి ఎట్టా ఉంటదో పుస్తకాలు రాసేవాళ్లకు తెలియదు. రోజంతా కాయ కోసిన వేళ్లు రాత్రిదాకా మండతానే ఉంటాయి. మజ్జిగతో కడిగినా, నూనె రాసినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో బిడ్డ కన్ను తుడిస్తే బిడ్డ కేకలు పెడతది. పాలిద్దామని రొమ్ముకు చెయ్యి తగిలితే పసినోటికి మంట. అందుకని మా తల్లులు బిడ్డను మోచేతుల మీద ఎత్తుకుంటారు, పైట చెంగు వేళ్లకు చుట్టుకుని పాలిస్తారు. కన్నబిడ్డ బుగ్గ ముట్టుకోవటానికి భయపడే తల్లిని ఏ కవి రాశాడు? తల్లి స్పర్శ అమృతమని రాసేవాళ్లు మా వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒకసారి వచ్చి చూడాలి.

మా వాడల సంగతి ఇట్టా ఉంటే, కర్నూలు జిల్లా పడమటి వైపు నుంచి, కోసిగి, ఆలూరు, ఆదోని వైపు పల్లెల నుంచి గుంటూరు, పల్నాడు చేలకు కోతలకొచ్చే కుటుంబాల సంగతి ఇంకొకటి. ఊళ్లో ఇంటికి తాళం పెట్టి, బడి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వస్తారు. చేల గట్ల మీద పట్టాల గుడిసెలు వేసుకుంటారు. చెట్టు దొరికితే చీర ఉయ్యాల, దొరక్కపోతే గోనెపట్టా. ఆ పిల్లలు ఆ ఊరి బడికీ రారు, ఈ ఊరి బడికీ రారు. అక్కడి పంతులు 'వలస' అని రాసుకుంటాడు, ఇక్కడి పంతులు అసలేమీ రాసుకోడు. వాళ్లు కోసిన కాయ లారీ ఎక్కి గుంటూరు యార్డుకు చేరుద్ది, తూకం పడుద్ది, రసీదు వస్తది. బస్తా ఒక్కటి తగ్గినా అడిగే మనిషి ఉన్నాడు. పిల్లవాడి చదువు ఒక ఏడాది తగ్గితే అడిగే మనిషి లేడు.

తల్లి లేని ఆ పన్నెండు గంటలు మరి చంటిబిడ్డను చూసేదెవరు? ఇక్కడే మన అందరం తల వంచుకోవాల్సిన మాట ఉంది. చూసేది అక్క. ఎనిమిదేళ్ల అక్క, తొమ్మిదేళ్ల అక్క. సంకన తమ్ముణ్ణి వేసుకుని, ముక్కు తుడిచి, బువ్వ తినిపించి, ఉయ్యాల ఊపే అక్క. ఈ మాటలు రాస్తున్న చెయ్యి కూడా అట్టాంటి ఒక అక్క సంకన పెరిగిందే. మా అక్క రెండో తరగతిలో బడి మానింది. ఎందుకంటే మేం పుట్టాం. ఆమె మానబట్టి అమ్మ కూలికి పోగలిగింది. అమ్మ కూలికి పోబట్టి మేం బతికాం, బతకబట్టి చదివాం. మా డిగ్రీ పట్టా మీద మా పేరుంది. ఆ పట్టాకు కట్టిన ఫీజు మా అక్క చదువు. ఇయ్యాల్టికీ ఆమె రేషను డీలరు దగ్గర వేలే పెడతది. మొదటి తరం గ్రాడ్యుయేట్లని మనకు దండలు వేస్తారే, ఒక్కసారన్నా ఆ దండ అక్క మెడలో వేశామా?

"చట్టాలున్నాయి కదా, పథకాలున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూద్దాం.

ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో వచ్చింది. 2017లో దాన్ని సవరించి, జీతంతో సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది పనిచేసే చోట శిశువుల గది ఉండాలన్నారు. మంచిదే. కానీ అది ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో, హాజరు పట్టీలో పేరున్న ఉద్యోగులకు. మిరప చేనుకు హాజరు పట్టీ ఏది? మా తల్లి పనిచేసే చోట పేరుండదు, తల లెక్కే ఉంటది. ఆమెకు 26 వారాలు కాదు, 26 రోజులు కూడా దిక్కులేదు. పురుడు పోసుకుని నెల తిరక్కముందే నడుముకు గుడ్డ బిగించి నాటుకు దిగిన తల్లులు మా వాడల్లో ఎందరో ఉన్నారు.

2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. గర్భిణికీ బాలింతకీ 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని అందులో రాశారు. 2017లో కేంద్రం దాన్ని మాతృ వందన పథకంగా మార్చి, మొదటి కాన్పుకే 5000 అంది. మిగతాది ఆస్పత్రి కాన్పు డబ్బుతో కలుపుకోమంది. 2022 నుంచి రెండో కాన్పుకు కూడా ఇస్తామన్నారు, అదీ ఆడపిల్ల పుడితేనే. 'వందన' అంటే దణ్ణం. దణ్ణం ఎంత విలువ చేస్తదో చూద్దాం. మా వైపు ఆడమనిషి కూలి రోజుకు 300 అనుకుందాం. 5000ను 300తో భాగించండి. 16 రోజులు, మిగులు 200. ఉద్యోగం చేసే తల్లికి 26 వారాలు ఇచ్చినట్టే కూలి తల్లికి వారానికి ఆరు రోజుల చొప్పున ఇస్తే 156 రోజులు, 46,800 రూపాయలు. ఒక తల్లికి 156 రోజులు, ఇంకో తల్లికి 16 రోజులు. ఇద్దరూ కన్నది తొమ్మిది నెలలు మోసే. ఇద్దరి బిడ్డలూ తాగేది పాలే. తేడా ఎక్కడుందో మేం చెప్పాలా?

2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే, వాళ్లను చూసుకోవటానికి ఒక ఆడమనిషిని పెట్టాలి, ఆమెకూ అందరితో సమానంగా కూలి ఇవ్వాలి. అంటే బిడ్డను చూడటం కూడా పనేనని, దానికీ కూలి ఉండాలని ఈ దేశంలో ఒక చట్టం ఒప్పుకుంది. మేం ఆ పనుల్లోకి పోయిన ఏళ్లలో మా ఊరి చెరువు గట్టు మీద ఒక్కరోజు కూడా ఆ మనిషిని పెట్టలేదు. అడిగితే "పిల్లల్ని ఎవరు తెమ్మన్నారు?" అన్నారు. ఇప్పుడు 2022 నుంచి 'పాల్నా' అని ఇంకో పథకం, అంగన్‌వాడీలోనే శిశువుల కేంద్రం. పాల్నా అంటే హిందీలో ఉయ్యాల. ఆ ఉయ్యాల కాగితం మీద ఊగుతుంది. మా వాడలో మాత్రం ఇంకా పాత చీరే ఊగుతుంది.

అంగన్‌వాడీ సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. ఎందుకంటే మన పిల్లలకు దిక్కంటూ ఉంటే అదే. 1975 అక్టోబరు 2న మొదలైంది. మూడేళ్లు నిండిన పిల్లలకు ఆట, పాట, అన్నం, గుడ్డు. మూడేళ్ల లోపు బిడ్డకు ఇంటికిచ్చే పొట్లమే, అక్కడ ఉంచుకోరు. మా ఊళ్లో దాని తలుపు తొమ్మిదింటికి తెరుస్తారు. ఆటో పోయేది ఆరింటికి. ఈ మూడు గంటల సందులోనే అక్క బడి పోతుంది. కేంద్రం ఎక్కడుంది? ఊళ్లో, రామాలయం పక్క సందులో. నాలుగేళ్ల మాదిగ పిల్ల, మాల పిల్ల ఆ సందు దాటి పోవాలంటే ఎన్ని అరుగుల ముందు నుంచి పోవాలి, ఎన్ని కసుర్లు వినాలి! 2004లోనే సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ వాడలన్నింటికీ అంగన్‌వాడీలు వచ్చేట్టు చూడమంది. ఆ ఏడాదే బడి భోజనం వండేవాళ్లను తీసుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ ఎస్టీలకు మొదటి స్థానం ఇవ్వమంది. మన చేతి వంట మా పిల్లలు తినరని ఎక్కడెక్కడ కంచాలు తిప్పేశారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మన తల్లి చేతి కోత కావాలి, మన తల్లి చేతి నాటు కావాలి, మన తల్లి చేతి ముద్ద మాత్రం వద్దు. ఇదీ వీళ్ల మాతృదేవోభవ!

ఆ అంగన్‌వాడీ నడిపే అక్కలైనా సుఖంగా ఉన్నారా? వాళ్లకిచ్చే దాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. గౌరవం మాటలో పెట్టి వేతనం ఎగ్గొట్టే తెలివి అది. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదీ జీతం పెంపూ అడుగుతూ 2023 డిసెంబరు 12 నుంచి 2024 జనవరి 22 దాకా ఆంధ్రలో అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. ఇక్కడ ఒక్క మాట అడుగుతాం. పసిపిల్లల్ని చూడటం అత్యవసర సేవ అని సమ్మె రోజు మీకు గుర్తొచ్చింది కదా, జీతం రోజు ఎందుకు గుర్తు రాదు?

"ఇంతమందిని కనమని ఎవరన్నారు?" అని ఇంకో పాట ఉంది. దానికీ జవాబు చెప్పి పోదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ నూటికి ఒకటి కూడా లేదు. కనే నొప్పి ఆమెదే, కోత నొప్పి ఆమెదే, కుట్లు ఆరకముందే బరువు మోసేదీ ఆమే. ఇంకా ఎవరికి చెప్తారు నీతులు? అదే సర్వే దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం చాలదని చెప్పింది. ఇది తల్లుల శ్రద్ధ లోపమైతే దేశంలో మూడింట రెండొంతుల మంది తల్లులు శ్రద్ధ లేనివాళ్లా? లోపం ఒడిలో లేదు, కంచంలో ఉంది. కంచంలో ఎందుకు లేదంటే చేను మన పేరున లేదు గనుక.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఊరోళ్లను అడిగి, మనల్ని మనం అడక్కపోతే ఈ కాగితానికి విలువ లేదు.

ఉద్యమంలో అన్నలు ఇది 'ఆడోళ్ల విషయం' అంటారు. భూమి, కూలి, దాడులు, రిజర్వేషన్లు అసలు విషయాలట. పిల్లలు, పాలు, నీళ్లు తర్వాత చూసుకుందామట. అన్నా, కారంచేడు ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు కాడ. 1985 జూలై 16న మనం తాగే నీళ్లను పశువుల కుడితితో పాడు చేయొద్దన్నందుకు, నీళ్లకొచ్చిన ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు. మరునాడు ఆరుగుర్ని నరికి చంపారు. ఇంటికి నీళ్లు తెచ్చే పనిలో నుంచే ఒక చరిత్ర లేచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడాళ్లు సారా కొట్టు మూయించారు. పిల్లల బువ్వ డబ్బు సీసాలోకి పోతుందని లేచిన తల్లులు వాళ్లు. ఆ పోరు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చింది. మరి పిల్లల బువ్వ రాజకీయం కాదంటారా?

బాబాసాహెబ్ ఇంటికి పోయి చూడండి. ఆయనకు ఊహ తెలిసే నాటికే తల్లి పోయింది, మేనత్త పెంచింది. ఆయనా రమాబాయమ్మా ఐదుగురు బిడ్డల్ని కన్నారు. దక్కింది యశ్వంత్ ఒక్కడే. ఆఖరి బిడ్డ రాజరత్న 1926లో పోయాడు. దేశం మొత్తానికి చట్టం రాసిన మనిషి ఇంట్లో నలుగురు పసిబిడ్డలు పోయారు. ఆ దుఃఖం తిన్న మనిషి గనుకనే 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఇవ్వటం దేశానికే మేలని, ఆ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం మోయాలని వాదించారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు గనుల్లో పనిచేసే తల్లుల ప్రసూతి చట్టాన్ని సవరింపజేశారు. ఆయనకు 'ఆడోళ్ల విషయం' కానిది మనకెట్టా అయింది?

ఏప్రిల్ 14న మన వాడల్లో ఏం జరుగుద్దో చూడండి. మగాళ్లు నీలం జెండా కట్టి ఉపన్యాసం చెప్తారు. ఆడాళ్లు వంద మందికి వండుతారు. చంటిబిడ్డ ఏడిస్తే "అమ్మా, ఆ పిల్లోణ్ణి అవతలికి తీసుకుపో, మీటింగు డిస్టర్బ్ అవుతుంది" అంటారు. తల్లి లేచి పోద్ది. మీటింగులో ఏం చెప్పారో ఆమెకు తెలియదు. మళ్లీ మనమే "మన ఆడాళ్లకు చైతన్యం లేదు" అంటాం. ఊరి పెద్ద మైకులో చెప్పిన మాటకూ మనం చెప్పే మాటకూ తేడా ఏది? ఆయన శ్రద్ధ అన్నాడు, మనం చైతన్యం అన్నాం. ఇద్దరం కలిసి ఆమె పూట తిన్నాం.

ఉద్యోగాలొచ్చిన ఆడాళ్లం, మేం మాత్రం తక్కువ తిన్నామా? మా తప్పు మేమే చెప్పుకుంటాం. 2011లో మాకు బిడ్డ పుట్టింది. గవర్నమెంటు ఉద్యోగం గనుక జీతంతో 180 రోజులు సెలవొచ్చింది. సెలవయ్యాక బిడ్డను చూసుకోవటానికి వాడలోనే పిన్ని వరసయ్యే ఒక కూలి తల్లిని పెట్టుకున్నాం. నెలకు ఆమెకిచ్చింది కూలి కంటే తక్కువ. "మనోళ్లే గదా" అన్నాం. మనోళ్లే గదా అనే మాటంత చవకైంది ఇంకోటి లేదు. ఆమె మా బిడ్డకు పాలు కలిపి పట్టింది, స్నానం పోసింది, నిద్రపుచ్చింది. మా బిడ్డ మొదటి అడుగు చూసింది ఆమే. ఆమెకూ ఇంట్లో ఒక చంటిబిడ్డ ఉంది. ఆ బిడ్డను ఎవరు చూస్తున్నారని రెండు నెలలు మేం అడగలేదు. చూసింది ఆమె తొమ్మిదేళ్ల కూతురు. ఆ పిల్ల మా బళ్లో నాలుగో తరగతి. రోజూ హాజరు పట్టీ తెరిచి ఆ పిల్ల పేరుకెదురుగా ఎర్ర సిరాతో గైర్హాజరు వేసింది మేమే.

తెలిశాక సిగ్గుపడ్డాం. కూలి సరిచేశాం, ఆమె బిడ్డను కూడా మా ఇంటికే తెచ్చుకోమన్నాం, ఆ పిల్ల మళ్లీ బడికొచ్చింది. కానీ పోయిన పాఠాలు పోయాయి. ఏడో తరగతిలో పూర్తిగా మానేసింది. ఇప్పుడు ఆమెకూ ఒక బిడ్డ ఉంది. ఆమె కూడా మిరప కోతకు పోతుంది. మా అక్క చదువు తిని మేం పెరిగాం, పెరిగి ఇంకో అక్క చదువు తిన్నాం. ఈ మాట రాయటం మాకు సుఖంగా లేదు. కానీ చదువుకున్న మన ఇళ్లలో ఈ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవాలి. అగ్రవర్ణం నుంచి మనం నేర్చుకోకూడనిది ఏదన్నా ఉంటే అది పక్కింటి తల్లి పూటను చవగ్గా కొనటమే.

ఇంతకీ మేం అడిగేదేంటి? తల్లికి గుడి కట్టమనటం లేదు. అడిగేవి నాలుగే.

ఒకటి, అంగన్‌వాడీ వాడలోనే ఉండాలి. కూలోళ్ల ఆటో పోయే వేళకు తెరవాలి, ఆటో దిగే వేళకు మూయాలి. ఆరునెలల బిడ్డను కూడా ఉంచుకోవాలి. అందుకు ఇంకో ఇద్దరు అక్కల్ని వేయండి, అందరికీ గౌరవంతో సరిపెట్టకుండా జీతం ఇవ్వండి.

రెండు, కూలి తల్లికి కాన్పుకు ఆరు నెలల కూలి ఇవ్వాలి. మొదటిదా రెండోదా, ఆడా మగా అని అడగొద్దు.

మూడు, కోతల చోట, నాట్ల చోట, ఏ పేరుతో నడిచే సర్కారు పని చోటయినా పిల్లల్ని చూసే మనిషి, నీడ, నీళ్లు ఉండాలి. వలసొచ్చిన పిల్లల్ని ఏ ఊరి బడి అయినా ఆ రోజే చేర్చుకోవాలి.

నాలుగోది సర్కారును కాదు, మన మగాళ్లను. ఇంటికి పోయాక ఒక పూట పొయ్యి నువ్వు చూడు, బిడ్డను నువ్వెత్తుకో. మీటింగులో బిడ్డ ఏడిస్తే తల్లిని లేవమనొద్దు, నువ్వు లే.

అడగటం ఎట్టాగో కూడా చెప్తాం. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ఆరేళ్ల లోపు పిల్లలు 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని వాడ ఏదైనా అడిగితే, అడిగిన మూడు నెలల్లో కేంద్రం పెట్టాలి. కాబట్టి రేపే పలక తీసుకుని ఇల్లిల్లూ తిరగండి. ఆరేళ్ల లోపు పిల్లల పేర్లు, వయసులు రాయండి. ఎవరి తల్లి ఎన్నింటికి ఆటో ఎక్కుతుందో, ఎన్నింటికి దిగుతుందో పక్కనే రాయండి. ఏ అక్క బడి మానిందో అదీ రాయండి. సంతకమో వేలిముద్రో పెట్టించండి. రెండు కాపీలు తీసి ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. ముద్ర లేకుండా రావద్దు. 40 మంది లేకపోయినా రాయండి, పక్క వాడతో కలపండి. రాయటం రాకపోతే బడికి రండి, రాసిపెట్టటానికి మేం ఉన్నాం. ఆ మాత్రం మా అక్కలకు బాకీ ఉన్నాం.

"ఆ టయం మీకాడే ఉంది" అంది ముసలమ్మ. వచ్చే సమావేశానికి ఆమె ఒక్కతే లేవకూడదు. వాడ మొత్తం లేచి, జాబితా చేతిలో పట్టుకుని అడగాలి. కోడళ్లు కూడా రావాలి. ఆ రోజు కూలి పోకుండా చూసే బాధ్యత సంఘానిది.

జై భీం.